మూలుగ తిరగబడ్డ రోజులు

తడి దుప్పటిని తల్లీకూతుళ్ళు చెరో కొస పట్టుకుని పిండుతుండగా స్రవంతి కుడిచెయ్యి విరిగింది.

ఫట్‌మన్న చప్పుడు విని సుగుణ దండెం కర్ర విరిగిందనుకుంది. తలతిప్పి చూసేసరికి కూతురి చెయ్యి వంగకూడని చోట వంగి ఉంది. మోచేతి కింద చర్మం చీల్చుకుని తెల్లటి ఎముక ముక్క బయటికొచ్చింది. నీళ్ళోడుతున్న దుప్పటి మీద ఎరుపు పాకుతోంది. స్రవంతి అరవలేదు. ఆ ముక్కనే వింతగా చూస్తూ, "అమ్మా, బొక్క గింత పల్చగుంటదా?" అంది. మరుక్షణం మోకాళ్ళ మీద కూలబడింది.

ఇల్లందులో బొగ్గు టిప్పర్ నడిపే పసునూరి ఎల్లేష్‌కు స్రవంతి ఒక్కతే కూతురు. పందొమ్మిదేళ్ళు. ఇంకా పాలు తాగే వయసులోనే తలసేమియా అని తేలింది. ఎర్రకణాలు పుట్టేది ఎముకల లోపలి మూలుగలో. ఈ జబ్బున్నవాళ్ళ మూలుగ సోమరిది కాదు, అందరి మూలుగకంటే ఎక్కువే పాటుపడుతుంది. కానీ కణాలు పూర్తిగా తయారై బయటికి రాకముందే లోపలే చచ్చిపోతాయి. అందుకే రెండు మూడు వారాలకోసారి ఎవరో దానం చేసిన రక్తం ఎక్కించాలి. ఆ రక్తం ఉన్నన్నాళ్ళు మూలుగ శాంతిస్తుంది, అది తరిగిపోతున్నకొద్దీ మళ్ళీ గింజుకుంటుంది. స్రవంతి బాల్యమంతా ఖమ్మం పొలిమేరలోని రక్తవ్యాధుల కేంద్రంలో, సూది గుచ్చిన చేతిని దిండు మీద పెట్టుకునే గడిచింది.

ఆ కేంద్రాన్ని నడిపే డాక్టర్ తబస్సుమ్ ఒకసారి వార్డులో తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పింది. "వడ్రంగి పనిచేసిన చోట పొట్టు రాలుతుంది కదా. మూలుగ ఎర్రకణాలు చేస్తున్నప్పుడు కూడా రక్తంలోకి ఒక ప్రోటీన్ ముక్కలు అట్లాగే రాలుతుంటాయి. అవి కొలిస్తే లోపల పని ఎంత జోరుగా ఉందో మనకు తెలిసిపోతుంది." అప్పటినుంచి అందరూ దాన్ని పొట్టు పరీక్ష అనే అనేవారు. ఈ పిల్లల రక్తంలో పొట్టు ఎప్పుడూ గుట్టలుగా ఉండేది. సరుకు మాత్రం ఉండేది కాదు.

సరుకు తయారయ్యే దారి కోసం తబస్సుమ్ పన్నెండేళ్ళు కష్టపడింది. చివరికి రోగి మూలుగలోంచే కొన్ని కణాలు తీసి, వాటికి ఒక కొత్త విద్య నేర్పి తిరిగి ఎముకలోకి పంపింది. ఆ కణాలు ఒక ప్రోటీన్‌ను ఊరిస్తాయి. చావబోయే పసి ఎర్రకణాలను ఆ ప్రోటీన్ కాపాడి, పెరిగేదాకా సాకుతుంది. దాన్ని ఆమె దాది అని పిలిచింది. ప్రయోగానికి ఒప్పుకున్న మిగతావాళ్ళ ఎముకల్లో కొత్త కణాలు నిలవలేదు. స్రవంతిలో నిలిచాయి. ఏడాదిగా ఆమెకు ఎవరి రక్తమూ ఎక్కించలేదు. బుగ్గల్లోకి రంగు వచ్చింది. డిగ్రీలో చేరింది. మెట్లు పరుగెత్తి ఎక్కింది.

తర్వాత ఒక ఉదయం తబస్సుమ్ ఆమె రక్తంలోని పసుపు నీటిని, అంటే ప్లాస్మాను, అక్షిత అనే మరో పిల్ల మూలుగ ఉన్న గాజు పళ్ళెంలో చుక్కలుగా వేసింది. మర్నాటికి పళ్ళెం ఎర్రబడింది. దాది మనిషి నుంచి మనిషికి పనిచేస్తోంది.

"తీసుకోండి మేడమ్," అంది స్రవంతి ఆ పళ్ళెం చూసి, చెయ్యి చాపుతూ. "ఇన్నేళ్ళు మంది రక్తం ఎక్కించుకున్న. ఇగ నేనిస్త."

అట్లా అక్షితకు ఇచ్చిన ఐదో విడత తర్వాత ఆమె చెయ్యి విరిగింది.

*

"ఇది చూడు ఎల్లేష్," అంది తబస్సుమ్ ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి.

ఎల్లేష్ చూశాడు. అతనికి అర్థమైంది ఒక్కటే. కూతురి ఎముకలన్నీ గుడ్డుపెంకుల్లా కనిపిస్తున్నాయి.

"ప్లాస్మా తీసినప్పుడల్లా ఆ కణాలు దాది తగ్గిందని కంగారుపడి రెట్టింపు చేస్తున్నాయి. దాది పెరిగితే మూలుగ ఉబ్బుతుంది. దానికి చోటు కావాలి. లోపలినుంచి ఎముకను తినేస్తోంది." ఆమె ఎక్స్‌రేను బల్ల మీద పెట్టింది. "పొట్టు పరీక్షలో అంకె మా యంత్రం కొలవగలిగిన హద్దు దాటిపోయింది. నెల కిందటే పెరుగుతుంటే చూశాను. పిల్ల బాగుంది కదా అని ఇంకో విడత తీశాను. తప్పు నాది."

ఎల్లేష్ చేతిలోని టవల్‌ను మెలిపెట్టాడు. "ఇప్పుడేం జెయ్యాలె?"

"ఇంక చుక్క తియ్యను. చేతికి కట్టు కాస్త కుదరగానే మందిచ్చి ఆ కణాలను చంపేస్తాను. మళ్ళీ పాతలాగే రక్తం ఎక్కించుకోవాలి. కానీ బతుకుతుంది."

"మరి అక్షిత?" మంచం మీద నుంచి స్రవంతి అడిగింది.

తబస్సుమ్ తల తిప్పింది. తలుపు దగ్గర నిలబడ్డ కొండల్ అంతా విన్నాడని అప్పుడే వాళ్ళకు తెలిసింది.

కొండల్ ఖమ్మంలో ప్రైవేటు అంబులెన్స్ నడుపుతాడు. తొమ్మిదేళ్ళ అక్షిత అతని కూతురు. ఎల్లేష్ కుటుంబానికీ వాళ్ళకూ పరిచయమైంది ఈ వార్డులోనే. ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నారు. ఒకసారి రక్తం పడక స్రవంతికి జ్వరమొచ్చి వణుకుతుంటే, హైదరాబాద్ దాకా సైరన్ వేసుకుని తీసుకెళ్ళింది కొండలే. స్రవంతి అతన్ని బాబాయ్ అంటుంది. అక్షితకు ఇంకో కష్టం వచ్చిపడింది. ఇన్నేళ్ళు పరాయి రక్తం ఎక్కీ ఎక్కీ ఆమె ఒళ్ళు ఎవరి రక్తాన్నీ ఒప్పుకోవడం మానేసింది. దాది తప్ప ఆ పిల్లకు దిక్కులేదు.

కొండల్ లోపలికి వచ్చాడు. వరండాలో అక్షిత తొక్కుడుబిళ్ళ ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆరు నెలల కిందట ఆ పిల్ల నాలుగడుగులు వేస్తే ఆయాసపడేది.

"ఒక్కసారి మేడమ్. ఈ ఒక్కసారి తియ్యండి. తర్వాత అడగ."

"వచ్చేసారి వెన్నెముక పోవచ్చు కొండల్. నేను తియ్యను. నీ బిడ్డ ఒంటిని పరాయి రక్తానికి ఒప్పించే మందు మొదలుపెడదాం. అది పనిచెయ్యడానికి రెండు నెలలు పడుతుంది."

"రెండు నెలలు నా బిడ్డ ఉంటదా?"

కొండల్ మంచం దగ్గరికి వెళ్ళి స్రవంతి కాళ్ళు పట్టుకున్నాడు. ఆమె ఉలిక్కిపడి కాళ్ళు ముడుచుకుంది.

"బాబాయ్, నాకు భయమైతాంది," అంది.

అతను కాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. లేచి, కళ్ళు తుడుచుకోకుండానే బయటికి నడిచాడు.

*

కొత్త మందు మొదలుపెట్టిన మూడో వారానికి అక్షిత పెదాలు తెల్లబడ్డాయి. పొట్టు పరీక్షలో అంకె ఆకాశాన ఉంది, రక్తంలో ఎరుపు మాత్రం అడుగంటింది. మూలుగ మళ్ళీ చచ్చిన కణాలనే కంటోంది. గత్యంతరం లేక తబస్సుమ్ వీలైనంత దగ్గరగా కలిసే రక్తం వెతికి, చుక్కచుక్కగా ఎక్కించి చూసింది.

గంట గడవకముందే పిల్ల విల్లులా వంగిపోయింది. పళ్ళు నాలుకను కొరికాయి. మూత్రం నల్లగా, కాఫీ డికాషన్‌లా పడింది. కొండల్ ఒక చేత్తో పిల్ల దవడలు విడదీస్తూ, ఇంకో చేత్తో భుజాన్ని మంచానికి అదిమిపట్టాడు. వేలు పళ్ళ మధ్య నలిగి ఎముక దాకా తెగింది. నర్సులు రక్తం గొట్టం పీకేశారు. పిల్ల బతికింది. కానీ ఆ పూట కొండల్‌లో ఉన్న మనిషి చచ్చిపోయాడని అతని భార్య రజిత తర్వాత పోలీసులకు చెప్పింది. అతను ఏడవలేదు, తినలేదు. పక్కమంచం పిల్ల తండ్రిని అడిగాడట, "స్రవంతికి ఆ మందు ఎప్పుడిస్తరు?" అని.

స్రవంతి కణాలను చంపే మందు మంగళవారం మొదలుపెట్టాలనుకున్నారు. సోమవారం మధ్యాహ్నం వాళ్ళు వచ్చారు.

ముందు వచ్చినవాళ్ళు వార్డులోని మిగతా పిల్లల తల్లిదండ్రులే, వాళ్ళ వెనక కొండల్. ఆ మందుతో ఒక్క స్రవంతి కణాలే కాదు, తమ పిల్లల ఆశ కూడా చచ్చిపోతుందని వాళ్ళకు ఎవరో చెప్పారు. మొదట అరిచారు. తర్వాత ఒకడు కుర్చీ ఎత్తి ప్రయోగశాల అద్దం మీదికి విసిరాడు. ఆ అద్దం పగిలిన చప్పుడుతో అందరి చేతులూ లేచాయి. ఫ్రిజ్‌లు పడ్డాయి. గాజు పళ్ళేలు నేల మీద పగిలి, ఎవరి పిల్లల మూలుగో ఎవరి చెప్పుల కిందో జిగటగా నలిగిపోయింది. తాము తొక్కుతున్నదేమిటో వాళ్ళకు తెలియదు.

తబస్సుమ్ స్రవంతి గది తలుపుకు అడ్డంగా నిలబడింది.

"నేను చచ్చాక పొండి లోపలికి!"

కొండల్ బామ్మర్ది మధు సెలైన్ స్టాండు తీసుకుని అడ్డంగా తిప్పాడు. ఇనుప కొక్కెం ఆమె ఎడమకంటిలో దిగింది. ఆమె అరుస్తూ గోడకు జారగిలబడింది. ఆ అరుపుకు గుంపు చటుక్కున ఆగింది. వెనకున్న ఆడవాళ్ళు కొందరు ఏడుస్తూ పారిపోయారు. కొండల్ ఆగలేదు. ఆమె మీదుగా దాటి లోపలికి వెళ్ళాడు.

సుగుణ అతని చొక్కా పట్టుకుంది. అతను మోచేత్తో తోస్తే ఆమె తల మంచంకోడుకు కొట్టుకుంది. స్రవంతి కట్టున్న చేతినే కర్రలా ఊపి అతని ముఖాన కొట్టింది. అతను ఆమెను బస్తాలా భుజాన వేసుకున్నాడు. ఆమె జబ్బ దగ్గర ఏదో పుటుక్కుమంది. ఆమె కేకపెట్టింది.

"ఓర్సుకో బిడ్డా, ఓర్సుకో," అంటూనే అతను మెట్లు దిగాడు.

అంబులెన్స్‌లో పడుకోబెట్టి పట్టీలతో కట్టేశాడు. సైరన్ వేశాడు. లోపల స్రవంతి గొంతు చించుకుంటుంటే, ఖమ్మం బజార్లో ఆటోలు, స్కూటర్లు, తోపుడుబళ్ళు మర్యాదగా పక్కకు తప్పుకుని దారిచ్చాయి.

*

అతను ఆమెను తీసుకెళ్ళింది ఊరి బయట మూతబడ్డ మిర్చి గోదాంకు. బస్తాలు కొన్ని అట్లాగే కుళ్ళి ఉన్నాయి. లోపల ఘాటు ముక్కులను, కళ్ళను మండించింది. స్రవంతి దగ్గింది. దగ్గిన ప్రతిసారీ పక్కటెముకల్లో కత్తి దిగినట్టయింది. రెండోసారి దగ్గినప్పుడు ఒక ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది.

రజిత అప్పటికే అక్షితను తెచ్చి బస్తాల మీద పడుకోబెట్టి ఉంది. పిల్ల ముఖం మైనంలా పాలిపోయింది.

కొండల్ స్రవంతి ఎడమచేతికి సూది గుచ్చి, సంచీని నేల మీద పెట్టాడు. అంబులెన్స్‌లో ఇన్నేళ్ళు తిరిగినవాడికి నరం దొరకడం కష్టం కాలేదు. సంచీ నిండాక దాన్ని మేకుకు వేలాడదీశాడు. ఎరుపు మెల్లగా అడుగుకు దిగి, పైన పసుపు నీరు తేరే దాకా ఆగాలి. అది తేరుతుండగానే రెండో సంచీ తగిలించాడు.

"బాబాయ్, నేను సచ్చిపోతా," అంది స్రవంతి.

"సావవు. ఇంకొంచెమే."

"నీ బిడ్డనైతే గిట్ల జేస్తవా?"

"నా బిడ్డ కోసమే జేస్తున్న!" అతను ఒక్కసారిగా గర్జించాడు. వెంటనే గొంతు పడిపోయింది. "నన్ను మన్నించకు. తిట్టు. ఎంతన్న తిట్టు."

ఆమె తిట్టలేదు. అతను పట్టీ సవరించడానికి వంగినప్పుడు మెడ దగ్గర కండను పళ్ళతో పట్టి, నోట్లోకి రక్తం వచ్చేదాకా వదల్లేదు. అతను ఆమె చెంప మీద కొట్టాడు. గట్టి దెబ్బ కాదు. అయినా దవడ ఎముక పగిలింది. ఆమె నోరు ఒకపక్కకు జారిపోవడం చూసి కొండల్ తన చేతి వంక చూసుకున్నాడు. ఆ చేత్తోనే, పొద్దువాలే వేళకు తేరిన పసుపు నీటిని గొట్టంలోకి పిండి అక్షిత చేతికి ఎక్కించాడు.

"నాన్నా, అక్క ఏడుస్తాంది. బంజెయ్యి," అంది అక్షిత.

"నువ్వు కళ్ళు మూసుకో."

పిల్ల మూసుకోలేదు.

రజిత లేచింది. నీళ్ళు తెస్తానని చెప్పి గోదాం వెనక్కి వెళ్ళింది. ఎల్లేష్‌కు ఫోన్ చేసింది. "అన్నా, బైపాస్ కాడి మిర్చి గోదాంకి రా. మీ పిల్లను తీస్కపో. దండం పెడత, జల్ది రా."

ఎల్లేష్ అప్పటికే కూతుర్ని వెతుకుతూ టిప్పర్‌తో ఖమ్మం రోడ్లన్నీ తిరుగుతున్నాడు. వచ్చాక అతను తలుపు కొట్టలేదు. టిప్పర్‌ను వెనక్కి తిప్పి, రివర్సులో షట్టర్ మీదికి పోనిచ్చాడు. ఇనుపరేకు కాగితంలా చినిగింది. షట్టర్ దగ్గర కాపలా ఉన్న మధు దాని కిందపడి నడుం నలిగి అరిచాడు. ఎల్లేష్ జాకీ రాడ్ పట్టుకుని క్యాబిన్‌లోంచి దూకాడు.

బస్తాల మధ్య కూతురు కనిపించింది. జారిపోయిన దవడ, కట్టేసిన చేతులు, కింద ఎర్రటి సంచీ.

కొండల్ ఆక్సిజన్ సిలిండర్ ఎత్తి విసిరాడు. అది ఎల్లేష్ మోకాలికి తగిలింది. ఎల్లేష్ పడి, లేచి, కుంటుతూ వచ్చి రాడ్‌తో కొట్టాడు. కొండల్ భుజం విరిగింది. రెండో దెబ్బకు మోకాళ్ళ మీద పడ్డాడు. పగిలిన బస్తాల్లోంచి మిర్చి వాళ్ళిద్దరి మీదా రాలింది. కళ్ళు కనపడక ఇద్దరూ ఒకరినొకరు చేతులతో తడుముకుంటూ కొట్టుకున్నారు. రజిత, "అన్నా, వద్దు, పిల్లను తీస్కపో సాలు!" అని మొత్తుకుంటూ ఎల్లేష్ నడుం పట్టుకుంది. అతను విదిలించాడు.

అప్పుడు స్రవంతి అరిచింది. దవడ పగిలిన నోటితో, మాట సరిగా రాకపోయినా అందరికీ అర్థమయ్యేలా అరిచింది.

"కొట్టు నాన్నా! ఇంకా కొట్టు!"

కొండల్ ఒక చెయ్యి పైకెత్తాడు. దెబ్బ కాచుకోవడానికి కాదు. మేకుకు వేలాడుతున్న సంచీ వైపు చూపించాడు.

"అది... అది ఎక్కనీ అన్నా. తర్వాత సంపు."

ఎల్లేష్ రాడ్ దించాడు. అది తల మీద పడింది. మళ్ళీ పడింది. ఆ తర్వాత కొండల్ కదల్లేదు. ఎల్లేష్ కొడుతూనే ఉన్నాడు. చేతిలో సూదితో, కళ్ళు మూయకుండా అక్షిత చూస్తూనే ఉంది.

*

ఎల్లేష్ తనంతట తానే పోలీసుల ముందు రాడ్ పడేశాడు. అతన్ని వరంగల్ జైలుకు పంపారు. ప్రయోగాన్ని ఆపేయాలని ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. తబస్సుమ్ ఎడమకన్ను పోయింది. ఆమె కంటికి కట్టుతోనే వార్డుకు తిరిగొచ్చింది, ఎందుకంటే స్రవంతి ఎముకల్లో ఏముందో తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు.

స్రవంతి ఒంట్లో పదకొండు చోట్ల ఎముకలు విరిగాయి. దవడకు తీగలు కట్టారు. పోయిన రక్తం కాస్త కూడుకునేదాకా కణాలను చంపే మందును ఒళ్ళు తట్టుకోదన్నారు. ఈలోగా మూలుగ ఉబ్బుతూనే ఉంది.

గోదాంలో ఎక్కిన ఆ ఒక్క సంచీ అక్షితను కొన్ని వారాలు నిలబెట్టింది. ఇప్పుడు అదీ అయిపోవస్తోంది. అదే ఆసుపత్రిలో, కింది అంతస్తులో పడుకుని ఉంది ఆ పిల్ల. పరాయి రక్తానికి ఒప్పించే మందు పనిచెయ్యడం మొదలైంది గానీ ఇంకా పదిపదిహేను రోజులు కావాలి. అన్ని రోజులు ఆమె దగ్గర లేవు.

రజిత ఒకరోజు పై అంతస్తుకు వచ్చింది. ఏమీ అడగలేదు. తలుపు బయట నిలబడింది. సుగుణ ఆమెను చూసి శివాలెత్తిపోయింది. జుట్టు పట్టుకుని, వీపు మీద రెండు చేతులా గుద్దింది.

"నీ మొగుడు నా బిడ్డను బొక్కబొక్క ఇరగ్గొట్టిండు! నా మొగున్ని జైలుకు పంపిండు! ఏం జూడనీకొచ్చినవే?"

రజిత తప్పించుకోలేదు. చేతులు అలసి సుగుణే ఆగింది. ఆగి, అదే చేతులతో ఆమెను పట్టుకుని నేల మీద కూలబడింది. ఇద్దరూ చాలాసేపు అక్కడే కూర్చున్నారు.

స్రవంతి మాత్రం తీగల మధ్య నుంచి నర్సుతో అంది, "ఆ పిల్ల పేరు నా ముందర ఎత్తొద్దు."

కానీ నిద్రపట్టేముందు ఆమెకు వినిపించేది కొండల్ అరుపు కాదు, తన అరుపే. కొట్టు నాన్నా. ఆ మాట అనకపోతే తండ్రి రెండో దెబ్బ దగ్గర ఆగేవాడేమో. ఆగేవాడు కాదేమో. అది ఎవరూ చెప్పలేరు.

మందు ఇవ్వాల్సిన రోజుకు ముందు తబస్సుమ్ వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"రేపటితో ఆ కణాలు పోతాయి బేటా. నీకు ఒకమాట చెప్పాలి. అడగడం కాదు, చెప్పడమే. రేపటి తర్వాత దాది అనేది ఎక్కడా ఉండదు. అక్షితకు కూడా."

"తెలుసు."

"నువ్వు ఇస్తానన్నా ఆ పిల్ల ఎక్కించుకోదు. వాళ్ళమ్మ నీ సంగతి ఎత్తితేనే పిల్ల సూదులు పీకేస్తోంది. మా నాన్నను చంపినోళ్ళది నాకొద్దు అంటోంది."

స్రవంతి కళ్ళు తెరిచింది. చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలోకి రక్తం పొంగింది.

"వద్దంటదా?" అంది. "నా బొక్కలు ఇరిచి తీస్కున్నప్పుడు సూది పీకలేదు. ఇప్పుడు వద్దంటదా? తియ్యండి మేడమ్. ఒక సంచీ తియ్యండి. నేనే తీస్కపోత."

"స్రవంతీ, రెండు మూడు ఎముకలు పోతాయి."

"పోనీ."

ఆపమన్న ఉత్తర్వును కాదని తబస్సుమ్ పెట్టిన ప్లాస్మా తీసే యంత్రం తిరుగుతున్నంతసేపు సుగుణ కూతురి తల పట్టుకుని కూర్చుంది. యంత్రం ఆపిన సాయంత్రానికే మూలుగ ఉబికింది. ఎముకలు లోపలినుంచి చిట్లుతుంటే స్రవంతి తీగల మధ్య నుంచి గుర్రుమంది. రెండు పక్కటెముకలు విరిగాయి. మర్నాడు పొద్దున్నే, కణాలను చంపే మందు ఎక్కించకముందు, చక్రాల కుర్చీలో కూర్చుని కిందికి వెళ్ళింది. పసుపు రంగు సంచీ ఆమె ఒళ్ళో ఉంది.

అక్షిత ఆమెను చూడగానే గోడవైపు తిరిగింది.

"పో ఇక్కడ్నుంచి."

"పోత. ఇది ఎక్కించుకో, పోత."

"నాకొద్దు. నువ్వే కొట్టమన్నవ్. నేను విన్న."

గదిలో రజిత ఊపిరి బిగబట్టింది.

"అవును," అంది స్రవంతి. "నేనే అన్న."

అక్షిత చటుక్కున ఇటు తిరిగింది. కాదంటుందనుకుంది కాబోలు. తెల్లబడ్డ పెదాలు అదిరాయి.

"మీ నాన్న రక్తం నాకొద్దు!"

"మా నాన్నది కాదిది. మా నాన్న నుంచి నాకొచ్చింది ఈ జబ్బే. మీ నాన్న నుంచి నీకొచ్చినట్టే. ఈ సంచీల ఉన్నది ఎవ్వల నాన్నదీ కాదు. నా బొక్కల్ల పుట్టింది. నిన్న దీనికి రెండు పక్కటెముకలు పోయినయ్." స్రవంతి ఎడమచేత్తో సంచీని ఎత్తలేక ఎత్తింది. "పారబోస్తవా? పారబొయ్యి. నీ చేత్తోనే పారబొయ్యి. నేను జూస్త."

అక్షిత సంచీని అందుకుంది. రెండు చేతులతో పట్టుకుంది. ఆ పసుపు నీటిని చూసింది. తర్వాత స్రవంతి దవడ తీగలను, కట్లను, కుర్చీలో ఒకపక్కకు ఒరిగిపోయిన ఒంటిని ఒక్కొక్కటిగా చూసింది.

"నొప్పి శానా ఉందా?" అని అడిగింది.

"శానా ఉంది."

పిల్ల సంచీని నర్సుకు ఇచ్చింది. చెయ్యి చాపింది.

"ఎక్కించుకుంట. కానీ నిన్ను అక్కా అని పిలవ."

"పిలవకు."

నర్సు సూది గుచ్చింది. చుక్కలు పడటం మొదలైంది. అక్షిత మళ్ళీ గోడవైపు తిరిగింది. స్రవంతి కుర్చీని కదపనివ్వలేదు. సంచీ ఖాళీ అయ్యేదాకా ఆ ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.